బల్లరంపముపై గాడి తీయుట: చేతిని కాపాడుకొను విధము



మీరు నా మాట వినుచున్నారు గాని నా చేతులను చూడజాలరు. చూచినచో నా ఎడమచేతి చూపుడువ్రేలికి కొన కణుపు లేదని ముందుగనే గ్రహించియుందురు. ఆ కణుపు పోయిన సంగతియే నేటి ప్రసంగమునకు మూలము. నేను వడ్రంగము చేయువారి ఇంట పుట్టి, ఆ పనియే చేయుచు, పిమ్మట పిల్లలకు నేర్పుచు వచ్చినవాడను. బల్లరంపముపై కర్రకు గాడి తీయుట ఎట్లు, చేతికి హాని కలుగకుండ తీయుట ఎట్లు అను విషయమును నాకు తెలిసినంత వరకు విన్నవించెదను.

“మేము రంపము పట్టువారము కాము గదా, మాకీ సంగతి ఏల?” అని మీలో కొందరు అనుకొనవచ్చును. మన గ్రామములలో అనేక వడ్రంగి దుకాణములకు నేడు ఈ యంత్రము వచ్చినది. ఆ దుకాణమున పనికి కుదిరినవాడు మీ మనుమడు కావచ్చును. మీ పొరుగింటి పిల్లవాడు కావచ్చును. యంత్రము కొనుటకు సొమ్ము సర్దినవారు మీరే కావచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. “గృహప్రవేశమునకు నాలుగు దినములే ఉన్నవి, తలుపు లెప్పు డిత్తువు?” అని వడ్రంగిని తొందరపెట్టువారము మనమే. కావున ఈ విషయమున పనివానికెంత బాధ్యత కలదో పని చేయించుకొను పెద్దలకును అంత బాధ్యత కలదు.

ముందుగా గాడి అననేమో చెప్పెదను. మీ ఇంటి తలుపు రెక్కను ఒకసారి పరికింపుడు. చుట్టును నిలువుపట్టెలు, అడ్డపట్టెలు కలిసి చట్రమగును. నడుమ పలుచని పలక యుండును. ఆ పలకకు మేకులు లేవు, జిగురు లేదు. అయినను ఊడిరాదు. ఏలయన పట్టెల లోపలి అంచు పొడవునను ఒక సన్నని కాలువ తీయబడియున్నది. పలక అంచు ఆ కాలువలో దూరియున్నది. ఆ కాలువయే గాడి.

పలకను జిగురుతో బిగింపక గాడిలో వదులుగా నుంచుటకు కారణము కలదు. కర్ర కోసి ఎండబెట్టిన పిమ్మటను కదలుట మానదు. శ్రావణ భాద్రపదములలో గాలిలోని తేమను పీల్చి అడ్డముగా ఉబ్బును. వైశాఖమున ఎండి కుంచించుకొనును. పొడవున మాత్రము ఈ మార్పు స్వల్పము. పలకను నాలుగువైపుల బిగించినచో వానలలో చట్రమునైన విరుగగొట్టును, ఎండలలో తానైన నిలువున పగులును. గాడిలో నున్న పలకకు ఉబ్బుటకు చోటు కలదు, కుంచించుకొనుటకు వీలు కలదు. తరములు నిలిచిన టేకు తలుపుల బలము కర్రలోనే కాదు, ఈ గాడిలోనూ ఉన్నది.

మా తండ్రిగారి కాలమున గాడిని చేతితోనే తీసెడివారు. గాడిచిత్రిక యని ఒక పనిముట్టు ఉండెడిది. దానికి సన్నని ఉలివంటి అలుగును, కర్ర అంచునకు ఆనుకొని నడచు పట్టీయు ఉండును. ఒక తలుపు గాడులు పూర్తియగుటకు పూటకు పూట పట్టెడిది, భుజములు నొచ్చెడివి. కాని చిత్రికను తోయుచున్నంతసేపు రెండు చేతులును దాని పిడిమీదనే యుండును. అలుగు చేతికి ఎదురు రాదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

ఇప్పుడు బల్లరంపము సంగతి. చక్రమువలె గుండ్రముగా నుండు రంపమునకు 1777వ సంవత్సరముననే ఇంగ్లండులో ఒక పేటెంటు పుట్టినది. కావున ఇది క్రొత్త వస్తువు కాదు. మన పల్లెలకు వచ్చుటయే క్రొత్త. ఇనుపబల్ల నడుమ చీలికలోనుండి పండ్లచక్రము పైకి పొడుచుకొని వచ్చి తిరుగుచుండును. ప్రక్కన నొక నిడుపాటి పట్టీ యుండును. పనివారు దానిని గైడు అందురు. కర్రను ఆ గైడునకు ఆనించి ముందునకు తోయగా చక్రము కోయును. చక్రమును బల్లపైకి పూర్తిగా ఎత్తినచో కర్ర రెండుగా చీలును. కొంచెమే ఎత్తినచో చీలక, అడుగున గాడి పడును. ఇంతే మర్మము.

వేగమును గూర్చి ఒక లెక్క చెప్పెదను. పది అంగుళముల చక్రము నిమిషమునకు 4,000 మార్లు తిరుగుచున్నదనుకొందము. దాని అంచున నున్న పన్ను ఒక సెకనులో సుమారు 174 అడుగులు, గంట లెక్కన దాదాపు 190 కిలోమీటర్లు పరుగెత్తును. “తగిలినంతనే చేయి తీసికొందును” అను మాట ఇచ్చట చెల్లదు. నొప్పి తెలియుటకు ముందే తెగుట ముగిసియుండును.

ఇక గాడి కోత చీల్పు కోతకంటె ఎందుచేత మోసకారియో వినుడు. చీల్చునపుడు చక్రము కర్రకు పైన కనబడుచుండును. చూచిన కంటికి భయము, భయముచేత జాగ్రత్త కలుగును. గాడి తీయునపుడు చక్రము కర్ర అడుగుననే దాగియుండును. పైన మ్రాను నున్నగా, చల్లగా ఉండును. చేయి దానిపై నిర్భయముగా వ్రాలును. ఇది మొదటి మోసము. చక్రము పైనుండు మూత సామాన్యముగా చీల్పు పనికే అమర్చబడియుండును. గాడి తీయునపుడు అది అడ్డు వచ్చునని పనివాడు దానిని తీసివేయును. పని ముగిసిన పిమ్మట మరల పెట్టుట మరచును. ఇది రెండవ మోసము. చక్రము బల్లపై అర అంగుళము కూడ కనబడదు గావున “ఇంతమాత్రమేమి చేయును?” అనిపించును. వ్రేలు ఎంత లావుండునో ఆలోచింపడు. ఇది మూడవది. పట్టెను సన్నని అంచుపై నిలువబెట్టి నడుపవలసియుండును గావున అది ప్రక్కకు ఒరుగుట సులభము. ఇది నాలుగవది.

ఒరిగినచో ఏమగును? చక్రము ముందరి పండ్లు క్రిందికి దిగుచు కర్రను బల్లకు అదిమిపెట్టును. వెనుకటి పండ్లు పైకి లేచుచుండును. కర్ర ఒరిగి గాని, మెలిదిరిగి గాని, గాడి మూసికొని గాని ఆ వెనుకటి పండ్లను నొక్కినచో, అవి కర్రను పైకెత్తి తోయువాని మీదికే విసరివేయును. దీనిని ఎదురుతన్ను అందము. గోడను కొట్టిన కొయ్య వేరు, కడుపున కొట్టిన కొయ్య వేరు. అంతకంటె ఘోరమేమన, కర్ర ఎగిరిపోయిన క్షణమున దానిపై బరువు మోపిన చేయి ఆధారము తప్పి తిన్నగా చక్రముపై పడును.

నాకు జరిగినది ఇదియే. ఒక ఇంటి గృహప్రవేశమునకు మరుదినము తెల్లవారుజామున ముహూర్తము. తలుపులలో ఒకదాని అడ్డపట్టె పగులుటచేత క్రొత్తది చేయవలసివచ్చినది. పొడవు పది అంగుళములు. సాయంకాలమైనది, ఇంటివారు దుకాణము ముంగిట కూర్చుండియుండిరి. మూత ముందే తీసియున్నది. ఆ పొట్టి కర్రను అంచుపై నిలిపి, ఎడమచేతితో గైడునకు నొక్కుచు, కుడిచేతితో తోసితిని. నడుమ ముడి తగిలినది. కర్ర ఒరిగినది. తరువాత నేను చూచినది కర్ర లేని బల్లను, నెత్తురును మాత్రమే. చక్రము ఎత్తు మూడు నూళ్లు. అంగుళములో సగము లేదు. ఇంటివారిని నేను తప్పుపట్టను. వారు తొందరపెట్టుట నిజమే గాని, “నేడు కాదు” అని చెప్పు ధైర్యము నాకు లేకపోవుట అంతకంటె నిజము.

ఇప్పుడు సరియైన విధము చెప్పెదను. మన వడ్రంగులు అంగుళమును ఎనిమిది నూళ్లుగా లెక్కింతురు. ఆ లెక్కతోనే ఉదాహరణ తీసికొందము. పట్టె మందము ఆరు నూళ్లు. దానికి సరిగా నడుమ రెండు నూళ్ల వెడల్పున, మూడు నూళ్ల లోతున గాడి కావలెను. అప్పుడు ఇరువైపుల రెండేసి నూళ్ల గోడలు మిగులును. గాడి వెడల్పు మందములో మూడవవంతునకు మించినచో ఈ గోడలు బలహీనపడును.

మొదట కర్రను ఎన్నుకొనవలెను. ఎండినది, వంకర లేనిది, కోయు అంచున ముడి లేనిది కావలెను. పచ్చికర్ర కోయుచుండగనే మూసికొని చక్రమును పట్టివేయును. గైడునకు ఆనించు ముఖమును, బల్లపై నడచు అంచును చిత్రికపట్టి తిన్నన చేయవలెను. పొట్టి ముక్కలకు గాడి కావలసినపుడు పొడవైన కర్రకే గాడి తీసి, ఆ పిమ్మట ముక్కలుగా కోసికొనవలెను. అడుగునకు తక్కువ కర్రను బల్లరంపముపై గాడికి పెట్టరాదని నేను పిల్లలకు ఖండితముగా చెప్పుదును. నేను ఆనాడు ఈ ఒక్క నియమము పాటించియున్నచో నా వ్రేలు నాకుండెడిది.

రెండవది, యంత్రమును సిద్ధపరచుట. చక్రమును ముట్టుకొను ప్రతిసారియు మీట కట్టుటయే చాలదు. ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. చక్రమును మూడు నూళ్ల ఎత్తునకు నిలుపవలెను. గైడునకును చక్రమునకును నడుమ రెండు నూళ్లు ఉంచవలెను. చక్రము వెనుక దానికంటె ఇంచుక పొట్టిగా నిలుచు ఉక్కురేకు కొన్ని యంత్రములకు కలదు. అది గాడిలో దూరి నడచుచు, గాడి మూసికొనకుండ కాచును. అట్టి రేకును గాడిపనికి తీయ నక్కరలేదు, తీయరాదు. రేకు చక్రముకంటె ఎత్తుగా నుండి, దానికే మూత తగిలించియున్న యంత్రములలో మాత్రము తీయక తప్పదు. అట్లు తీసినపుడు వేరొక కాపు ఉండితీరవలెను.

ఆ కాపు ఎట్లు చేయుదురో వినుడు. గైడునకు ముందు ఒక ఎత్తైన చదును పలకను బిగింపవలెను. దానిని ఆనుకొని నడచు పట్టె ఒరుగదు. ఒక పలక కొనను దువ్వెన పండ్లవలె సన్నసన్నగా చీల్చి, ఆ పండ్లు కర్రను మెత్తగా అదుముచు ముందునకే పోనిచ్చి వెనుకకు రానీయకుండునట్లు ఏటవాలుగా బిగింపవలెను. దీనిని దువ్వెనపలక యందము. ఇట్టివి రెండు కావలెను. ఒకటి ప్రక్కనుండి కర్రను గైడునకు నొక్కును. ఇది చక్రమునకు ఇవతలనే ఉండవలెను గాని, సరిగా చక్రము ప్రక్కన ఉండరాదు. ఉన్నచో గాడి గోడను చక్రమునకు నొక్కి ఎదురుతన్ను తెచ్చును. రెండవది పైనుండి కర్రను బల్లకు అదుమును. ఇది గైడునకు బిగించి, చక్రమునకు సరిగా పైన నుండవచ్చును. దానిపై నొక పలక కప్పినచో కర్ర సొరంగములో దూరినట్లు నడచును. ఎడమచేయి చేయవలసిన పనియంతయు ఈ పలకలే చేయును గావున, చేతికి అచ్చటికి పోవలసిన పనియే ఉండదు. చేతిని జాగ్రత్తగా పెట్టుటకంటె చేయి చొరలేని ఏర్పాటు చేయుట మేలు. జాగ్రత్త అలసిపోవును, కొయ్యపలక అలసిపోదు.

మూడవది, కోత. ముందుగా పనికిమాలిన ముక్కపై కోసి కొలత సరిచూడవలెను. ఉంగరములు, కంకణములు తీసివేయవలెను. కండువా, వదులు చేతుల చొక్కా తగవు. చేతితొడుగు చేతిని కాపాడునను భ్రమ కొందరికి కలదు. అది పండ్లకు చిక్కి చేతినే లాగికొనిపోవును. కండ్లకు అద్దములు, ముక్కునకు గుడ్డ, చెవులకు కాపు ఉండవలెను. చక్రమునకు సూటిగా నిలువక ఒక ప్రక్కకు నిలువవలెను. చక్రము పూర్తి వేగము నందుకొన్న పిమ్మట కర్రను నిలకడగా తోయవలెను.

కర్ర చివరికి వచ్చునపుడు రెండవ గండము కలదు. అంతవరకు దాగియున్న చక్రము కర్ర తోకనుండి హఠాత్తుగా బయటపడును. బొటనవ్రేలితో తోయుచున్నవాని బొటనవ్రేలు అప్పుడు సరిగా అచ్చటనే ఉండును. కావున చివరి అడుగు దూరము తోపుడుదిమ్మతోనే తోయవలెను. కర్ర వెనుక అంచును పట్టునట్లు మడమ గల ఎత్తైన దిమ్మ అది. చక్రము దానిని కోసినను మరియొకటి చేసికొనవచ్చును. కర్ర చక్రమును పూర్తిగా దాటునంతవరకు తోయవలెను; నడుమ ఆపి వెనుకకు లాగరాదు.

ఇప్పుడు ఒక నూలు వెడల్పున గాడి పడినది; ఏలయన చక్రపు పండ్ల వెడల్పు సుమారు ఒక నూలు. రెండవ నూలు కొరకు గైడును కదల్ప నక్కరలేదు. కర్రను మొదలు కొనలు మార్చి త్రిప్పి, రెండవ ముఖమును గైడునకు ఆనించి మరల తోసినచో చాలును. మొదటి కోత ఒక ముఖమునుండి రెండు నూళ్ల దూరమున, రెండవ కోత రెండవ ముఖమునుండి రెండు నూళ్ల దూరమున పడి, రెండును నడుమ కలిసికొనును. గాడి రెండు నూళ్ల వెడల్పున, సరిగా మధ్యన, కొలత తప్పకుండ వచ్చును. అనేక చక్రములను జతగూర్చి ఒక్క త్రోపులో వెడల్పైన గాడి తీయు సాధనమును కలదు. యంత్రమును చేసినవారు దానికి అనుమతించి, ఇరుసు పొడవు చాలి, మర పూర్తిగా పట్టినపుడు తప్ప దానిని బిగింపరాదు.

నడుమ మొదలై నడుమనే ఆగు గాడి కొరకు, తిరుగుచున్న చక్రముపైకి కర్రను దించువారిని చూచితిని. అది తగదు. ఆ పనిని ఉలితోగాని, చేతియంత్రముతోగాని చేయవలెను.

మన పల్లెలకు ప్రత్యేకముగా వర్తించు మాట యొకటి. కోత నడుమ కరెంటు పోవును. పనివాడు చక్రము ఆగినదని కర్రను సవరించుటకు చేయి పెట్టును. అంతలో కరెంటు వచ్చును. మీట వేసియేయున్నది గావున చక్రము తిరుగును. కావున కరెంటు పోయినంతనే మొదట మీట కట్టవలెను. కరెంటు మరల వచ్చినను తనంతట తాను తిరుగనీయని మీట దొరకును. యంత్రము కొనునపుడు దానిని అడిగి తీసికొనవలెను.

ఇవన్నియు చేయు వీలు లేనిచో ఏమి చేయవలెను? బల్లరంపముపై గాడి తీయకుండుటయే. బ్రిటను దేశపు భద్రతాధికారులు, బల్లపై నుండు చక్రభాగమునకు తగిన కాపు లేనిదే దానిపై గాడి తీయరాదని నియమము పెట్టియున్నారు. మన దేశమునను 1948 నాటి కర్మాగారముల చట్టము ప్రమాదకరములైన యంత్రభాగములకు గట్టి కాపుండవలెనని విధించినది. కాని విద్యుచ్ఛక్తితో పనిచేయు చోట పదిమంది పనివారైనను లేనిచో దానిని ఆ చట్టము సామాన్యముగా కర్మాగారముగా నెంచలేదు. తండ్రియు కొడుకును ఒక కూలివాడును పనిచేయు మన ఊరి దుకాణమునకు ఏ తనిఖీ అధికారి వచ్చును? ఆ దుకాణమునకు వెళ్లువారు మీరే. కావున మీరే అడుగవలెను.

తలుపులు చెప్పుటకు వెళ్లినపుడు ఈ నాలుగు మాటలు అడుగుడు. “చక్రముపై మూత ఏదీ? తోపుడుదిమ్మ ఏదీ? గాడి తీయునపుడు నీ ఎడమచేయి ఎచ్చట నుంచెదవు? ఈ పని ఎన్ని దినములకు నెమ్మదిగా చేయగలవు?” చివరి ప్రశ్నకు అతడు చెప్పిన గడువునకు మరి రెండు దినములు కలిపి ముహూర్తము పెట్టించుకొనుడు. పెద్దవారు అడిగిన ప్రశ్నను పనివాడు మరువడు.

జాగ్రత్త తప్పి గాయమైనచో చేయవలసినది కూడ చెప్పి ముగించెదను. నాకు గాయమైనపుడు మావారు కాఫీపొడి అద్దిరి. తెగిన కణుపును పొట్టులో వెదకనైన వెదకలేదు. మీరట్లు చేయవలదు. పసుపు, కాఫీపొడి ఏదియు వేయరాదు. శుభ్రమైన గుడ్డతో గాయమును గట్టిగా అదిమి, చేతిని గుండెకంటె ఎత్తున పట్టవలెను. తెగిన భాగమును శుభ్రమైన నీటితో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టికు సంచిలో పెట్టి మూతి బిగింపవలెను. ఆ సంచిని మంచునీటిలో ఉంచవలెను. మంచుగడ్డ వ్రేలికి నేరుగా తగులరాదు. తగిలినచో కండ చెడును. వెంటనే 108కి ఫోను చేసి, తెగిన వ్రేళ్లను అతుకగల శస్త్రవైద్యులున్న ఆసుపత్రికి చేర్పుమని అడుగవలెను. చల్లగా నుంచిన వ్రేలిని కొన్ని గంటల పిమ్మటను అతుకు వీలుండవచ్చును గాని, ఒక్క నిమిషమైనను వృథా చేయరాదు.

వడ్రంగికి భూమి యుండకపోవచ్చును, ధనము లేకపోవచ్చును. పది వ్రేళ్లే అతని మాన్యము. నేను తొమ్మిదింటితోను ఒక మొండితోను పని చేయుచున్నాను. ఉలి పట్టినపుడెల్ల ఆ కొరత తెలియుచునే యున్నది. మీ ఇంటి తలుపు రెండు దినములు ఆలస్యమైన ఇల్లు పడిపోదు. తలుపు చేసిన పిల్లవాడు గృహప్రవేశమునాడు పది వ్రేళ్లతో విస్తరి ముందు కూర్చుండుట మీ ఇంటికి శుభము.

సెలవు.